కోటోపాక్సి పక్కన ఫల్గుణ

అలివేలు గొంతు వినని తెలుగువాడు ఉండడు. అలివేలు పేరు విన్న తెలుగువాడు మాత్రం మద్రాసు కోడంబాక్కం దాటితే దొరకడు. అక్కడి డబ్బింగ్ థియేటర్లలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషికి దక్కిన పేరు ‘క్రౌడ్ అలివేలు’. తెర మీద ఊరు తగలబడితే ఏడ్చేది ఆమె. వంతెన కూలితే కేక పెట్టేది ఆమె. పెళ్ళి పందిట్లో పదిమంది ఆడవాళ్ళు గలగలా మాట్లాడుకుంటుంటే అందులో ముగ్గురు ఆమే. హీరో తల్లికి గొంతు ఇవ్వడానికి ఎవరో పెద్ద కళాకారిణి కారులో వస్తుంది. ఆ తల్లి చనిపోయినప్పుడు వెనకాల గొల్లుమనే గుంపు కోసం అలివేలు షేర్ ఆటోలో వస్తుంది. దీనికి ఆమె ఎన్నడూ బాధపడలేదని రాస్తే అది పచ్చి అబద్ధం. బాధపడింది. ఆ బాధంతా ఇంటికెళ్ళి గిన్నెల మీద చూపించింది.

గుంపులో గొంతు కలిపే పనిలో ఒక సుఖం ఉంది. ఏం మాట్లాడావని అడిగే నాథుడు ఉండడు. పెదవులు కలిస్తే చాలు, గోల వినిపిస్తే చాలు. ఎదురుగా రక్తపాతం జరుగుతుంటే అలివేలు "పాలు పొయ్యి మీద పెట్టొచ్చినానే" అని ఏడ్చిన రోజులున్నాయి. ఆ ఏడుపుకు థియేటర్లలో జనం కన్నీళ్ళు పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

అలాంటి అలివేలుకు అరవై దాటాక కుర్చీ దొరికింది. నిజంగా కుర్చీయే. గుంపు వాళ్ళు మైకు చుట్టూ నిలబడి అరుస్తారు, కథ చెప్పేవాళ్ళకు మాత్రం కుర్చీ వేస్తారు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ, దక్షిణ అమెరికా ఖండంలో అగ్నిపర్వతాలు ఎప్పుడెప్పుడు పేలాయో, భూమి ఎక్కడెక్కడ కంపించిందో చెప్పే ఆరు భాగాల డాక్యుమెంటరీని తెలుగులోకి తెస్తోంది. మూలంలో కథ చెప్పేది ఒక ముసలావిడ. మనవలను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పినట్టు తాపీగా చెబుతుంది. అలాంటి గొంతు కావాలని కంపెనీవాళ్ళు అడిగితే, కోడంబాక్కంలో సౌండ్ ఇంజనీరుగా ఉన్న జెబకుమార్ అలివేలు గొంతు రికార్డు చేసి పంపాడు. వాళ్ళకు నచ్చింది. మొదటి మూడు భాగాలు చెప్పి చూడమన్నారు. బాగుంటే మిగిలినవీ ఆమెవే, తెర మీద పేరు కూడా వేస్తారు. బాగుండకపోతే హైదరాబాద్‌లో ఇంకొకావిడ ఉండనే ఉంది.

ఈ సంగతి విని ఎక్కువ కంగారు పడింది అలివేలు కాదు, ఆమె భర్త భక్తవత్సలం. సౌకార్‌పేటలో ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల హోల్‌సేల్ కొట్టులో జీవితమంతా లెక్కలు రాసి ఇంట్లో కూర్చున్నవాడు. భార్యకు మిరియాల పాలు ఇవ్వడం, ఫ్యాను ఆపడం, పెరుగు దాచిపెట్టడం మొదలుపెట్టాడు.

"పెరుగు లేకుండా అన్నం ఎట్ట దిగుతుందండి?" అంది అలివేలు.

"గొంతు కట్టుకుంటే ఆ ఖండమంతా ఎవరు చెప్తారు? రసంతో కానియ్," అన్నాడాయన. ఆయన మాత్రం వంటింట్లోకి వెళ్ళి, చప్పుడు కాకుండా గడ్డ పెరుగు తిని వచ్చాడు. మూతికి అంటుకున్నది ఆమె చూసింది, చూసి ఊరుకుంది.

మొదటి భాగం ఈక్వడార్ గురించి. గాజు అద్దం అవతల జెబకుమార్, ఇవతల చిన్న గదిలో అలివేలు, ముందర కాగితాలు, ఎదురుగా బొమ్మ చూపే తెర, చెవులకు హెడ్‌ఫోన్లు. మూలంలోని చప్పుళ్ళన్నీ ఆ హెడ్‌ఫోన్లలో వినిపిస్తాయి, ఆమె మాట మాత్రం విడిగా రికార్డవుతుంది. ఆమె చక్కగా అందుకుంది. కొండల పేర్లు నోరు తిరగనివి, అయినా ముందురోజు బియ్యం ఏరుతూ వల్లెవేసింది. "చింబొరాసో, తుంగురావా, సంగాయ్," అని చదివింది. అప్పుడే హెడ్‌ఫోన్లలో కొండ పేలింది. మంచి హెడ్‌ఫోన్లు, ఉరుము పుర్రెలోనే పుట్టినట్టు మోగింది. ఒక క్షణం తర్వాత ఆమె ఏమీ జరగనట్టు కొనసాగించింది: "వీటన్నిటిలో కోటోపాక్సి పేరు చెబితే జనానికి గుండె దడ. 1877లో అది పేలినప్పుడు పైనున్న మంచు కరిగి బురదై, నదుల వెంబడి సముద్రం వైపు పరుగెత్తింది."

జెబకుమార్ బొటనవేలు ఎత్తి చూపించాడు. తూత్తుకుడి నుంచి వచ్చి, థియేటర్లలోనే తెలుగు నేర్చుకున్నవాడు. "అక్కా, మలై పేర్లంతా సూపరా వచ్చింది. కడైసి రెండూ కొంచం మెల్లగా చెప్పినారు, నేను సౌండ్ పెంచేసినా," అన్నాడు. కడైసి, అంటే చివరి రెండూ ఏవో అలివేలుకు అర్థం కాలేదు. పని ముగిసిన సంతోషంలో అడగలేదు.

మూడో రోజు హైదరాబాద్ నుంచి నందిత ఫోన్ చేసింది. భాష సరిచూసేది ఆ అమ్మాయే. మాట మెత్తన, పని గట్టి.

"మేడమ్, మీ గొంతు మాకందరికీ చాలా నచ్చింది. చిన్న డౌటు. ఈక్వడార్‌లో చింబొరాసో, తుంగురావా, సంగాయ్ ఉన్నాయి, కరెక్టే. తర్వాత అర్జున, ఫల్గుణ అని ఇంకో రెండు అగ్నిపర్వతాలు చెప్పారు. నిన్న మా వాళ్ళు మ్యాపు మొత్తం వెతికారు మేడమ్. దొరకలేదు."

అలివేలు ఫోను పట్టుకుని గోడకు ఆనుకుంది. ఉరుము ఉరిమితే ఏ తెలుగింటి ముసలమ్మ అయినా అనే మాటే అది. అర్జునుడి పేర్లు తలిస్తే పిడుగు దూరంగా పోతుందని నమ్మకం. కొండ ఉరిమింది, ఆమె నోరు అంది. అన్నట్టు ఆమెకే తెలియదు. జెబకుమార్ తెలుగు కూడా కాదు, పాపం, వాటిని కొండలనే అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా సినిమాల్లో బాంబులు పేలిన ప్రతిచోటా, రైళ్ళు గుద్దుకున్న ప్రతిచోటా, గుంపు గోలలో అర్జునుడు ఎన్నిసార్లు దూరాడో ఎవరు చూడొచ్చారు? గుంపులో చెల్లింది. కుర్చీలో కూర్చుంటే చెల్లదు.

ఆమె విషయం చెప్పాక నందిత పకపకా నవ్వింది. "మా ఇంట్లో ఎవరూ అనరు మేడమ్, నాకు తట్టలేదు. సరే, అది తీసి మళ్ళీ చదివి పంపండి," అంది. అలివేలు మళ్ళీ చదివి పంపింది. ఆ సాయంత్రం ఇంట్లో మాత్రం భక్తవత్సలం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"కోటోపాక్సి పక్కన ఫల్గుణ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "సునామీ రోజు పొద్దున మంచం ఊగితే కూడా ఇదే అన్నావు."

"ఆ రోజు మీరేమన్నారో చెప్పండి చూస్తాం. మంచం ఎందుకు తంతావే అని నన్ను తిట్టినారు. సముద్రం అవతల భూమి అదిరితే నేను తన్నినానంట."

"నువ్వు తన్నవని చెప్పలేం గదా," అన్నాడాయన. ఆమె విసిరిన దిండు ఆయనకు తగలలేదు.

రెండో భాగం చిలీ గురించి. 1960లో అక్కడ వచ్చినంత పెద్ద భూకంపం, కొలవడం మొదలుపెట్టాక ప్రపంచంలో ఇంకెక్కడా రాలేదు. దాని అలలు పసిఫిక్ దాటి జపాన్ దాకా వెళ్ళి మనుషులను పొట్టనబెట్టుకున్నాయి. ఆ తర్వాత రెండు రోజులకే దగ్గరలో ఒక అగ్నిపర్వతం పేలింది. ఈసారి అలివేలు పళ్ళు బిగించి చదివింది. భూకంపం దాటింది. అలలు దాటింది. హమ్మయ్య అనుకుంటుండగా అగ్నిపర్వతం వచ్చింది, సగం మాట జారిపోయింది. జెబకుమార్ అది కోసేసి పంపాడు.

నందిత ఈసారి నవ్వలేదు. "మేడమ్, మాట తీసేశారు, తెలిసింది. కానీ దానికి ముందూ వెనకా మీ గొంతు మారిపోతోంది. చిన్నపిల్ల భయపడినట్టుంది. కథ చెప్పే ఆవిడ భయపడితే వినేవాళ్ళు ఎట్లా వింటారు? మూడో భాగం రికార్డింగు నేను లైన్లో ఉండి వింటాను. ఏమీ అనుకోవద్దు, ఆ రోజు కూడా కుదరకపోతే ఇక్కడి ఆవిడతో చేయించేస్తాం."

ఏమీ అనుకోవద్దు అన్నప్పుడే మనిషి అన్నీ అనుకుంటాడు. అలివేలు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. భక్తవత్సలం ఇక ఎగతాళి చేయలేదు. పక్కన కూర్చుని, "ఎందుకు వస్తుందో చూద్దాం అలివేలూ. బయట ఉరిమితే నువ్వు అంటావు, సరి. అయినా దానికి ఇంత భయం పడవే. ఆ గదిలో ఏముండాది?" అని అడిగాడు.

ఆమె చాలాసేపు ఆలోచించింది. చెవుల మీద చేతులు పెట్టుకుంది. అలా పెట్టుకోగానే తెలిసింది.

పురసవాక్కంలో వాళ్ళ పాత పెంకుటిల్లు. దీపావళి నాటి ఐప్పసి నెల వానల్లో ఉరుము ఉరిమితే పెంకులు గలగలలాడేవి. వాళ్ళ అవ్వ అలివేలును ఒళ్ళోకి లాక్కుని, రెండు అరిచేతులతో ఆమె చెవులు మూసి, ముఖంలోకి వంగి అర్జునుడి పేర్లు చెప్పేది. చెవులు మూసి ఉంటే పేర్లు వినిపించవు. అవ్వ పెదవులు కదలడం చూసి అలివేలు మాటలు పట్టుకునేది, తిరిగి చెప్పేది. పెదవులు చూసి మాట అందుకోవడం, ఈ రోజు దాకా ఆమెకు అన్నం పెట్టిన విద్య, ఆ ఒళ్ళోనే వచ్చింది. ఇప్పుడు హెడ్‌ఫోన్లు చెవులు మూస్తున్నాయి, లోపల ఉరుము ఉరుముతోంది. ఆమె నోరు అరవై ఏళ్ళు వెనక్కి పోతోంది.

"అవ్వ చేతులండి అవి," అంది అలివేలు. "ఆ మాట అనకుండా ఉంటే అవ్వను తోసేసినట్టు ఉంటాది నాకు."

భక్తవత్సలం ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఓదార్పు మాటలు ఆయనకు రావు. ఆయనకు వచ్చింది పాత్రల సంగతి ఒకటే. మర్నాడు సాయంత్రం అటక మీద నుంచి పెళ్ళినాటి పెద్ద ఎవర్‌సిల్వర్ తాంబాళం దింపి మేడ మీదికి మోసుకెళ్ళాడు. భార్య చెవులకు మనవరాలి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి కాగితాలిచ్చి, తాను వెనకాల నిలబడి గరిటెతో తాంబాళం బాదడం మొదలుపెట్టాడు. కొండ పేలాల్సిన చోటల్లా పేల్చాడు. పేలకూడని చోట కూడా రెండు మూడుసార్లు పేల్చాడు, అలవాటు కావాలని. కింద వాటాలోని తమిళావిడ పైకి వచ్చి ఇవాళ ఏం పండగ అని అడిగింది. పెరూ అన్నాడాయన. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది.

వారం రోజుల్లో తాంబాళానికి సొట్టలు పడ్డాయి, ఆయన భుజానికి నొప్పి పట్టింది. అలివేలు నోరు మాత్రం మూతపడింది. చప్పుడు వచ్చినప్పుడల్లా నాలుకను పళ్ళ వెనక నొక్కి పెట్టడం నేర్చుకుంది.

"వచ్చేసింది గదా, ఇంక దిగులెందుకు?" అన్నాడు భక్తవత్సలం చివరి రోజు, భుజానికి తైలం రాయించుకుంటూ.

"వచ్చేసింది," అంది ఆమె. ఆ మాటలో సంతోషం ఎంత వెతికినా కనిపించలేదు. ఆయన వెతికాడు కూడా.

మూడో భాగం పెరూ గురించి. జెబకుమార్ ముందే అన్నీ సిద్ధం చేశాడు. హైదరాబాద్ నుంచి నందిత కంప్యూటర్ ద్వారా వింటోంది, ఆమెకు వినిపించేది మైకులో పడిన మాట మాత్రమే. జెబకుమార్ తన దగ్గరున్న చిన్న మైకులో మాట్లాడితే అది అలివేలు హెడ్‌ఫోన్లలోకే వెళ్తుంది, రికార్డింగులోకి రాదు. "బయపడకండి అక్కా. నేను ఈడనే ఉండా," అన్నాడు అందులోంచి.

ఆమె మొదలుపెట్టింది. 1600లో వాయ్‌నపుతీనా పేలడం చెప్పింది. దాని బూడిద ఆకాశంలో చేరి ఎండను మింగేసిందనీ, మరుసటి ఏడు ఎక్కడో రష్యాలో పంటలు పోయి జనం ఆకలితో మాడారనీ చెప్పింది. కొండ ఉరిమింది, ఆమె నాలుక కదల్లేదు. నందిత మధ్యలో ఒకసారి, "చాలా బాగుంది మేడమ్," అంది. గాజు అవతల జెబకుమార్ ముఖం విప్పారింది.

తర్వాత 1970 వచ్చింది. మే నెల ఆఖరు రోజు, ఆదివారం మధ్యాహ్నం. "యుంగాయ్ చిన్న ఊరు," అని చదివింది అలివేలు. "పైన హువాస్కరాన్ కొండ. తరతరాలుగా ఆ ఊరివాళ్ళు ఆ మంచుకొండను చూస్తూ నిద్ర లేచారు. ఆ రోజు సముద్రంలో పుట్టిన భూకంపం కొండను కుదిపింది. మంచు, రాళ్ళు, మట్టి విరిగి ఊరి మీదికి బయలుదేరాయి."

ఇక్కడ మాట ఆగాలి. మూలంలో కూడా ముసలావిడ ఇక్కడ మాట్లాడదు. కొండ ఒక్కటే మాట్లాడుతుంది. ఆ చప్పుడు పేలుడు కాదు, అదే వచ్చిన చిక్కు. తాంబాళం మీద భక్తవత్సలం ఎన్ని పేల్చినా ఇది పేల్చలేదు. లోతుగా, ఆగకుండా, దగ్గరవుతూ వచ్చే ఉరుము. అలివేలు నాలుక పళ్ళ వెనక గట్టిగా నొక్కిపెట్టింది. ఎదురుగా తెర మీద ఒకప్పటి యుంగాయ్ ఫోటో: అంగడి, తాటి చెట్లు, చర్చి మెట్ల మీద కూర్చున్న పిల్లలు. ఉరుము వస్తూనే ఉంది. ఆ పిల్లల చెవులు ఎవరైనా మూశారో లేదో. తన నోరు తన చేతిలోనే ఉంది, కానీ తెరవడానికి లేదు. తెరిస్తే ఇన్నేళ్ళకు దొరికిన కుర్చీ పోతుంది. ఆమె కళ్ళు మూసుకుంది. ఉరుముతున్నప్పుడు ఆ మాట అనకుండా ఉండటం పుట్టిన తర్వాత అంత కష్టం ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు హెడ్‌ఫోన్లలో, ఉరుము మధ్యలోంచి, ఒక గొంతు మెల్లగా వచ్చింది.

"అర్జునా. పల్గుణా."

అలివేలు కళ్ళు తెరిచింది. గాజు అవతల జెబకుమార్ చిన్న మైకు మీదికి వంగి ఉన్నాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. అతని చూపు ఆమె మీద లేదు, తెర మీద పిల్లల మీద ఉంది. ఆ రెండు పేర్లు తప్ప అతనికి ఏమీ తెలియదు, అందుకే మళ్ళీ అవే అన్నాడు. "అర్జునా. పల్గుణా." ఉరుము తగ్గేదాకా అంటూనే ఉన్నాడు.

చప్పుడు ఆగింది. అలివేలు చదవాలి. ఆమె చదివింది.

"శ్మశానం ఉన్న గుట్ట మీదికి పరుగెత్తినవాళ్ళు మిగిలారు. ఊరి చివర సర్కస్ చూడటానికి వెళ్ళిన పిల్లలు మిగిలారు. తక్కిన ఊరంతా మట్టి కిందికి వెళ్ళిపోయింది."

ఆ గొంతులో భయం లేదు. పిల్లలను ఒళ్ళోకి తీసుకుని ఉన్న నిజం చెప్పేవాళ్ళ గొంతు అది. ఉరుముల్లో అవ్వ గొంతు ఎలా ఉండేదో, చెవులు మూసి ఉండటం వల్ల అలివేలు సరిగా వినలేదు. ఇలాగే ఉండి ఉంటుందని ఆమెకు అనిపించింది.

తర్వాత నందిత అంది: "మేడమ్, ఇది ఇలాగే ఉంచేద్దాం. ఇంకోసారి చదవద్దు. మిగతా మూడు భాగాలూ మీరే చెప్పాలి." ఆ వెంటనే అడిగింది, "టైటిల్స్‌లో మీ పేరు ఎలా వేయమంటారు?"

"అలివేలు," అంది.

హెడ్‌ఫోన్లు తీసి గది బయటికి వచ్చింది. జెబకుమార్ తప్పు చేసినవాడిలా లేచి నిలబడ్డాడు.

"సారీ అక్కా. రికార్డింగులో పడలే, చూసేసినా."

"పడలేదు గానీ, నీకెందుకు వచ్చింది జెబా ఆ మాట?"

"తెలియలే అక్కా. సత్తం వస్తా ఉండాది, ఆ ఉరుము. మీరు చెప్తారని చూస్తా ఉండా, మీరు చెప్పలే. ఆడ పిల్లలు కూర్చోని ఉండారు గదా. ఎవరన్నా ఒకరు చెప్పాల గదా అక్కా."

ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరెవరి చావులకో గొల్లుమని ఏడ్చిన అలివేలుకు అప్పుడు ఏడుపు వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది. అతను కంగారుపడి నీళ్ళ సీసా తెచ్చాడు. ఆమె రెండు గుక్కలు తాగి, చెంగుతో ముఖం తుడుచుకుని, అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"రెండింటితో అయిపోలేదప్పా. ఇంకా ఎనిమిది పేర్లు ఉండాయి," అంది. "నా నోరు చూస్తా ఉండు, నేర్పిస్తా."